తడికట్ట

జానకిరామయ్యా, నీ మిల్లు బూడిద వెంకటప్పయ్యను చంపింది. మల్లేశ్వరరావూ, నీ పంచెల ఆర్డరు చంపింది. మురుగులో చెయ్యి పెట్టటం మన పని కాదని అరుగుల మీద కూచుని చుట్టలు కాల్చిన బజారు పెద్దలూ, మీరూ తలో చెయ్యి వేశారు. వాన చంపిందని చెప్పుకుంటున్నారట. వాన ఏటేటా వస్తుంది. దానికి పేరు లేదు, ఇల్లు లేదు, చొక్కా పట్టుకుని నిలదీయటానికి మెడ లేదు. మీకు పేర్లున్నాయి. అందుకే పేర్లతో మొదలుపెట్టాను. ఇప్పుడు జరిగింది వినండి. తెలియనట్టు మొహాలు పెట్టకండి.

బెజవాడ చివర కాలవ కట్టకు దిగువన ఉంది సాలెల బజారు. ఇళ్ళన్నీ మట్టిగోడలవి. గోడను ఆనుకుని లోపల మగ్గం, మగ్గం కింద గుంత. నేసేవాడు నేల మీద కూచుని కాళ్ళు గుంతలోకి దించి తొక్కుడు చెక్కలు తొక్కుతాడు. సగం మనిషి నేల పైన, సగం మనిషి నేల లోపల. ఇంట్లో ఏం జరిగినా అందరికంటే ఆఖరున లేవగలిగేవాడు వాడే.

ఎండలు ముదిరితే నూలు పొడిబారి పోగులు తెగుతాయి. దానికి ఈ బజారువాళ్ళు ఒక ఉపాయం పెట్టుకున్నారు. గోడ వెంట పోయే మురుగు బోదెకు తమ ఇంటి దగ్గర అడ్డంగా మట్టి కట్ట వేస్తారు. స్నానం నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు అక్కడ నిలుస్తాయి. గోడ కింద నుంచి చెమ్మ గుంతలోకి దిగుతుంది. గుంత చల్లబడుతుంది, పోగు మెత్తబడుతుంది. దాన్ని తడికట్ట అంటారు. మృగశిర కార్తె వచ్చిందంటే ఎవరి కట్ట వాళ్ళు పారతో కొట్టేస్తారు. వాననీళ్ళు తమ దారిన పోతాయి.

ఈ ఏడు కొట్టలేదు. యుద్ధం పేరు చెప్పి కంట్రోలులో ఇచ్చిన నూలు ముట్టుకుంటే తెగుతోంది. ఎంత తడి ఉన్నా చాలటం లేదు. నూలు ఇచ్చి నేయించుకునే మల్లేశ్వరరావు బజారంతా తిరిగి ఒకటే మాట చెప్పాడు: పెళ్ళిపంచెల ఆర్డరు అయ్యేదాకా తడికట్ట ముట్టుకున్నవాడికి నా నూలు లేదు. ఎవరూ ముట్టుకోలేదు. శ్రావణం వచ్చింది. ముసురు పట్టింది.

బోదె నీళ్ళన్నీ బజారు చివర బండ్లబాట కింద ఉన్న తూములోంచి అవతలకు పోవాలి. ఆ తూము ముందే జానకిరామయ్య రైసుమిల్లు. మిల్లు బాయిలరులో ఊక కాలుస్తారు. ఆ బూడిదంతా తెచ్చి తూము నోట్లో పోయిస్తున్నాడాయన, బండ్లు తిరగటానికి జాగా కావాలని. బూడిద మీద బూడిద పడి అక్కడొక దిబ్బ లేచింది. తూము ఎక్కడుందో కూడా కనిపించటం లేదు.

అలా బజారు నిండింది. ఇళ్ళ ముందు మోకాటి లోతు నీళ్ళు. వెంకటప్పయ్య మాత్రం మగ్గం దిగలేదు.

రావమ్మ అతని భార్య. ఆ పొద్దున ఆమె గోడ దగ్గర నిలబడి చూపుడువేలు మట్టిలోకి పొడిచింది. కణుపు దాటి దిగింది.

"ఇటు చూడయ్యా. ఇది గోడా, పిండిముద్దా? లేచి ఆ కట్ట కొట్టేసి రా."

"కొడితే గుంత ఆరిపోద్ది."

"ఆరిపోద్దంట! మడమల దాకా నీళ్ళున్నయ్ గుంతలో. కప్పలొచ్చి కాళ్ళు నాకుతున్నా తెలవట్లా నీకు."

"తెలవకేం, చల్లగా ఉంది." నాడె ఇటునుంచి అటు విసిరి నవ్వాడు. "పొద్దుట్నించీ ఒక్క పోగు తెగలా రావమ్మా. కంట్రోలు నూలు ఇట్టా నేసిన మొనగాణ్ణి ఈ బజార్లో ఇంకోణ్ణి చూపెట్టు."

"నీ మొనగాడితనం ఆ గోడకి చెప్పు, నిలబడుద్దేమో."

"ఒక్క పంచె ఉందే. అయిపోయినాక నేనే కొడతా."

"నువ్వు కొట్టేదాకా గోడ ఆగదు."

ఆమె మూల ఉన్న పార తీసుకుని బయటికి నడిచింది. కట్ట మీద ఒక్క వేటు వేసిందో లేదో, వెంకటప్పయ్య గుంతలోంచి లేచి బురదకాళ్ళతో పరిగెత్తి వచ్చి ఆమె జడ పట్టుకు లాగాడు. వెల్లకిలా నీళ్ళలో పడింది. లేచింది. చెంప మీద కొట్టాడు. ఆమె అతని మణికట్టు పట్టుకుని నెత్తురు వచ్చేదాకా కొరికింది. పార నీళ్ళలో పడిపోయింది. ఎదురింటి అరుగు మీద ముగ్గురు పెద్దలు కూచుని చూస్తున్నారు. వాళ్ళలో ఒకడు, "మొగుడూ పెళ్ళాలు, మనమెందుకు?" అన్నాడు. చుట్ట ఆరిపోతే మళ్ళీ వెలిగించుకున్నాడు.

"నూలు పోయిందంటే ఏం తింటావే? గోడ తింటావా?" వెంకటప్పయ్య అరిచాడు. కోపం సగం, భయం సగం. "ఆ మల్లేశ్వరరావు ఊఁ అంటే ఇప్పుడే కొట్టేస్తా. పో, అడుగు పో."

అతను కట్టలో పడ్డ గండిని చేతుల్తో మెత్తి పూడ్చాడు. మెత్తి, కాళ్ళు కడుక్కుని, మళ్ళీ గుంతలో కూచున్నాడు.

రావమ్మ తడిచీరతోనే మల్లేశ్వరరావు ఇంటికి పోయింది. ఆ ఇంటిని చూడండి. మీలో చాలామంది అరుగుదాకా వెళ్ళినవాళ్ళే, కళ్ళు పెట్టి చూసి ఉండరు. రాతి పునాది నడుమెత్తు. పెంకుటింటి చూరు గోడకు దూరంగా ముందుకు వచ్చి ఉంటుంది, కప్పు మీది నీళ్ళు గోడను తాకకుండా అవతల పడతాయి. పడ్డచోట చుట్టూ రాళ్ళు పరిచిన కాలవ, నేలంతా ఇంటి నుంచి కాలవ వైపు వాలు. ఎంత వాన కురిసినా ఆయన గోడకు చెమ్మ తగలదు. ఆ ఇంట్లో మగ్గం లేదు, గుంత లేదు. గుంతలో తడి ఉండాలని మనకు చెప్పే మనిషి తన ఇంటి చుట్టూ అరచేతిలో పట్టేంత నీళ్ళు కూడా నిలవనివ్వడు.

"మావయ్యగారూ, గోడ కూలేట్టుంది. కట్ట కొట్టుకోనీయండి."

"నీ మొగుడు అడగమన్నాడా, నువ్వే వచ్చావా?"

"గోడ అడగమంది."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. మల్లేశ్వరరావు నవ్వలేదు. "పిచ్చిదానా, నీ కట్ట కొడితే ఆ నీళ్ళు ఎక్కడికి పోతయ్యే? బజారంతా చెరువై ఉంది. తూము మూసినవాణ్ణి వదిలేసి నా మీద పడ్డావేంటి? జానకిరామయ్య బూడిద తవ్వించు, అన్నీ అవే పోతయ్. చేతనైతే మగాళ్ళని తీసుకెళ్ళు."

సగం నిజం చెప్పాడు. ఆ సగమే అందరికీ నచ్చింది. ఎందుకంటే తడికట్ట కొట్టాలంటే నూలు పోతుంది, తూము తవ్వాలంటే పక్కవాడితో పోట్లాడితే చాలు.

రావమ్మ అరుగు అరుగు దగ్గరా ఆగింది. "మగ్గం మీద కూచుని కూచుని మీకు నడుములు పడిపోయినయ్యా? పలుగులు ఎత్తలేరా? మీ ఆడోళ్ళని పంపండి, మేం తవ్వుతాం."

"మురుగు ఎత్తటం మనకేం ఖర్మే?" అన్నాడొక పెద్ద.

"మురుగు తాగటం ఖర్మ కాదా? మీ బావుల్లోకి పోతన్నది పన్నీరనుకుంటున్నారా?"

ఆ మాట తగిలింది. నాగమల్లేశ్వరి అనే ముసలామె మొదట లేచింది. ఆమె ఇంట్లో రెండు మగ్గాలు తడిసి ఉన్నాయి. ఆమె కొడుకులు తల్లి వెనక లేచారు. చూస్తూండగా బజారంతా కదిలింది. పలుగులు, పారలు, ఇళ్ళలో దొరికిన రోకలిబండలు. వాన కొడుతూనే ఉంది.

తూము దగ్గర మిల్లు కూలీలు అప్పుడే బూడిద బండి దించుతున్నారు. వాళ్ళ మేస్త్రీ లాజరు. తూముకు అవతల దిగువపేటలో అతని గుడిసె. జానకిరామయ్య మిల్లు గేటు దగ్గర చేతికర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏంటీ తిరణాల? బాట మీద నుంచి పక్కకి జరగండి."

"తూము తెరవండి జానకిరామయ్యగారూ," అంది రావమ్మ. "మా గోడలు కరిగిపోతన్నయ్."

"మీ మురుగు నా మిల్లు ముందు నుంచి పారటానికి వీల్లేదు. బండ్లు దిగబడతన్నయ్."

"బండ్ల కోసం మనుషుల్ని ముంచుతారా?"

"గోడలు గట్టిగా కట్టుకోవటం చేతగాక నా మీద పడతారేంటి?"

అప్పుడు లాజరు ముందుకు వచ్చాడు. పార నేలకు ఆనించి రావమ్మతోనే మాట్లాడాడు. "అమ్మా, మీ బాధ నిజమే. కాని తూము తెరిస్తే ఆ నీళ్ళు ఎటు పోతయ్యో చూశావా? ఊరి మురుగంతా కలిసే వాగుంది అవతల, ఆ కోడు దాకా పాతకాలవ ఉండేది. దాన్ని ఈ దొరే దున్నించి వరేయించాడు. ఇప్పుడు నీళ్ళకి దారి లేదు. తిన్నగా మా గుడిసెల మీదికే. ముందు కోడు దాకా కాలవ తవ్వండి, మేమూ పడతాం. తరవాత తూము కొట్టండి."

ఆ మాట రావమ్మ వింది. నిలబడితే అర్థమయ్యే మాటే. నిలబడటానికి ఆమెకు తీరిక లేదు, గోడలో దిగిన వేలు ఇంకా చల్లగా ఉంది. ఆమె పలుగు ఎత్తింది.

మొదటి దెబ్బ ఎవరిదని పోలీసులు ఇప్పటికీ అందర్నీ అడుగుతున్నారు. అడగక్కర్లేదు. జానకిరామయ్య చేతికర్ర ఆమె మోచేతి మీద పడింది. అదీ మొదటి దెబ్బ. ఎముక శబ్దం చుట్టూ ఉన్నవాళ్ళకు వినిపించింది. పలుగు ఎడంచేతికి మారింది. నాగమల్లేశ్వరి పెద్దకొడుకు జానకిరామయ్య మీద పడి బురదలోకి తోశాడు. మిల్లులోంచి మనుషులు కర్రలతో వచ్చారు. ఇంక ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలియలేదు. ఒకడి పళ్ళు రాలాయి. ఒకడి చెవి తెగి వేలాడింది. నాగమల్లేశ్వరి ఒక మిల్లు కూలీ మొహాన బూడిద కొట్టి, వాడు కళ్ళు నులుముకుంటుంటే రోకలిబండతో మోకాళ్ళ మీద బాదింది.

బూడిద దిబ్బ ఎక్కినవాళ్ళు కేకలు పెట్టారు. పైన తడిసి నల్లగా, చల్లగా ఉన్న ఊకబూడిద లోపల నిప్పు. మిల్లువాళ్ళకు తెలుసు, సాలెవాళ్ళకు తెలియదు. కాలు దిగితే చర్మం ఊడి వచ్చింది. అయినా దిబ్బ దిగి పోలేదు. పలుగులు పడ్డచోటల్లా పొగ లేచింది, నీళ్ళు తగిలి సుయ్యిమని ఆవిరి కొట్టింది.

తూము నోటికి అడ్డంగా లాజరు నిలబడ్డాడు. చేతులు చాచాడు. "అమ్మా, వద్దు. గుడిసెల్లో పిల్లలున్నారు."

రావమ్మ పలుగు అతని భుజం మీద పడింది. అతను మోకాళ్ళ మీద కూలాడు. పట్టించుకోలేదు. అతన్ని దాటి బూడిదలోకి పలుగు దించింది, మరొకరు దించారు, ఇంకొకరు. దిబ్బ కడుపు పగిలింది.

నీళ్ళు ఒక్క అరుపుతో తూములోకి దూకాయి. బూడిద, చెత్త, చచ్చిన కోడి, ఎవరిదో చెప్పు, అన్నీ కలిసి అవతలకు పోయాయి. బజారువాళ్ళు చెయ్యెత్తి కేకలు వేశారు. లాజరు విరిగిన భుజాన్ని రెండో చేత్తో పట్టుకుని, ఆ నీళ్ళ పక్కనే, నీళ్ళకంటే ముందు చేరాలని దిగువపేట వైపు పరుగెత్తాడు. ఎవరూ చూడలేదు. గెలిచామనుకున్నవాడు వెనక్కి చూడడు, పక్కకీ చూడడు.

బజారులో నీళ్ళు చూస్తుండగానే దిగాయి. అరుగుల మెట్లు బయటపడ్డాయి. ఇప్పుడు అసలు సంగతి వినండి.

తడికట్టల వెనక నిలిచిన నీళ్ళు దిగలేదు. అంతసేపూ వీధిలో నీళ్ళు అటునుంచి ఆనుకుని ఉండటం వల్లే ఆ మట్టికట్టలు నిలబడ్డాయి. వీధి ఖాళీ కాగానే ఆ ఆసరా పోయింది. వెంకటప్పయ్య పొద్దున చేతుల్తో మెత్తిన పచ్చికట్ట ముందుగా తెగింది. గోడకూ కట్టకూ మధ్య నిండి ఉన్న నీళ్ళన్నీ ఒక్కసారిగా గోడ మొదలును గీక్కుంటూ పోయాయి. పిండిముద్దలా ఉన్న మట్టి పాదం ఊడిపోయింది. కట్టను మృగశిరలో మెల్లగా తీసి ఉంటే ఇది జరగదు. గోడకు గజం ఎడంగా బోదె ఉంటే అసలు జరగదు. ఇందులో తెలియని విద్య ఏమీ లేదు. మల్లేశ్వరరావు ఇంటి చుట్టూ ఉన్నదే.

గోడ లోపలికి పడింది. వెంకటప్పయ్య కాళ్ళు గుంతలో ఉన్నాయి.

రావమ్మ వచ్చేసరికి గోడ లేదు. కప్పు తాటాకులు ఒక పక్కకు వాలి ఉన్నాయి. మగ్గం పైకొయ్య మట్టిలోంచి పొడుచుకుని వచ్చింది. దాని కింద తెల్లగా పంచె అంచు.

రావమ్మ విరిగిన చెయ్యి వేలాడుతుంటే ఒక్కచేత్తో తవ్వింది. మట్టి ముద్దలు ముద్దలుగా వస్తోంది, మళ్ళీ జారి పడుతోంది. గోళ్ళు ఊడాయి. నాగమల్లేశ్వరి కొడుకులు వచ్చి పారలు వేయబోతే, "పారలొద్దు, మొహానికి తగుల్తయ్!" అని వాళ్ళ చేతుల మీద కొట్టింది. తల బయటికి వచ్చింది. నోటి నిండా మట్టి. ఆమె వేలు పెట్టి తీసింది. ఇంకా తీసింది. లోపలిదాకా మట్టే.

అప్పుడు బజారు మొగలో గోల. లాజరు భార్య మార్త రోకలి పట్టుకుని వస్తోంది. నడుము దాకా బురద. వెనక దిగువపేట ఆడవాళ్ళు. "ఎవత్తే తూము కొట్టింది? పిల్లలొక్కళ్ళే మిగిలారు, నా పొయ్యి కొట్టుకుపోయింది, గుడిసె కొట్టుకుపోయింది, నా మొగుడి భుజం విరగ్గొట్టింది! ఎక్కడే అది? దాని తల పగలగొడతా!"

జనం దారి ఇచ్చారు. మార్త వచ్చి మట్టి కుప్ప ముందు నిలబడింది. రావమ్మ తల ఎత్తింది.

"నేనే. కొట్టు."

మార్త రోకలి ఎత్తింది. కొడుతుందనే అందరూ అనుకున్నారు. కొట్టలేదు. రోకలి పక్కన పారేసి వెంకటప్పయ్య భుజాల కింద చేతులు దూర్చింది. "కాళ్ళు గుంతలో ఇరుక్కున్నయ్యి. గుంత అంచు తవ్వండి, లాగితే విరుగుతయ్," అని తన పేట ఆడవాళ్ళను పిలిచింది. ఎవరి మీదా జాలితో కాదు. మట్టిలో ఉన్న మనిషిని చూస్తూ నిలబడటం ఆమెకు చేతకాలేదు, అంతే.

అంతలో మల్లేశ్వరరావు వచ్చాడు. పంచె బురద అంటకుండా పైకి పట్టుకుని, మట్టి కుప్ప చుట్టూ తిరిగి, అయ్యో అయ్యో అన్నాడు. తరవాత వంగి, మగ్గం కొయ్య కింద కనిపిస్తున్న అంచును రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు.

"ఇది పూర్తయిందా? మట్టి లోపలికి పట్టిందంటే వదలదు. ముందు దీన్ని కోసి..."

ఆయన మాట పూర్తికాలేదు. రావమ్మ మట్టిలోంచి నాడె తీసింది. రెండు కొసలకూ ఇత్తడి మొనలున్న నాడె. దాన్ని ఆయన మొహం మీద కొట్టింది. దవడ చీలింది. రెండోసారి ఎత్తితే నలుగురు పట్టుకున్నారు. పెద్దలు అరుగులు దిగి అప్పుడు వచ్చారు, ఆయన దవడకు నెత్తురు కారితేగాని వాళ్ళకు దిగటం కుదరలేదు.

"తప్పమ్మా, తప్పు. శవాన్ని పెట్టుకుని ఇదేం పని? ముందు పాడె కట్టించాలి. వర్జ్యం రాకముందే లేపాలి."

జానకిరామయ్య మనిషొకడు కూడా వచ్చాడు. దహనం ఖర్చు అయ్యగారు పెట్టుకుంటారని చెప్పాడు. పైగా మబ్బు మళ్ళీ కమ్ముతోంది, త్వరగా కానిమ్మన్నాడు.

వెంకటప్పయ్యను గుంతలోంచి తీసి పైన పడుకోబెట్టారు. రావమ్మ అతని పక్కన కూచుంది. విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎవరూ ముట్టుకోవద్దు," అంది.

"అదేంటే?" అన్నాడు పెద్దల్లో ఒకడు.

"లేపనివ్వను. వర్జ్యం రానీ, చీకటి పడనీ, కంపు కొట్టనీ. మబ్బు కమ్ముతోందని ఆయన మనిషే చెప్తన్నాడుగా. ఈ వరసలో గోడలన్నీ నానే ఉన్నయ్. కట్టలన్నీ అట్టాగే ఉన్నయ్. ఇప్పుడు మీరంతా శ్మశానానికి పోతే వచ్చేసరికి ఇంకొకడు గుంతలో ఉంటాడు. ఎవడు? నీ కొడుకా? నీ అల్లుడా?"

పెద్దలు తలలు తిప్పి ఎవరి గోడ వైపు వాళ్ళు చూసుకున్నారు.

"బజార్లో ఉన్న తడికట్టలన్నీ కొట్టండి. ఒక్కసారి కాదు, కొద్దికొద్దిగా గండి పెట్టి నీళ్ళు దించండి. గోడల పక్క బోదె పూడ్చి, గజం ఎడంగా కొత్త బోదె తవ్వండి, గోడ నుంచి బోదెకి నేల వాలు చెయ్యండి. మల్లేశ్వరరావు మావయ్యా, నెత్తురు తుడుచుకుని నువ్వు ముందు నిలబడి తవ్వు. కట్ట కొట్టినవాడి నూలు ఆపావా, ఈసారి నాడె దవడకి తగలదు. జానకిరామయ్యకి చెప్పండి, దహనం ఖర్చు నాకొద్దు. ఆ వరిచేలో పాతకాలవ ఎక్కడ దున్నించాడో అక్కడికి వచ్చి కాలు పెట్టి చూపించమనండి. అక్కడ్నించి కోడు దాకా తవ్వాలి. లాజరు పేట మీదికి చుక్క పోకూడదు. మార్తా, నీ గుడిసె నేను ముంచా. నీ వాళ్ళని పిలువు, ఎక్కడ తవ్వాలో మీకే తెలుసు. మేం తవ్వుతాం. మురుగు మన పని కాదన్న పెద్దమనిషి ఎవడన్నా ఉంటే వాడి చేతికే ముందు పార ఇవ్వండి.

"నిలబడి నా మొహం చూస్తారేం? వాన వస్తోంది. తవ్వండి!"